గుండ్రటి ముఖం, వెడల్పు నుదురు: నడిపాపిట మార్చాలా, వద్దా?

చెల్లె, నువ్వు అడిగింది మొత్తం కలిపితే ఇదీ సంగతి: ఉండేది దేవరకొండలో, ముఖం గుండ్రం, నుదురు కాస్త వెడల్పు, బడిలో రిబ్బన్లతో రెండు జడలు వేసుకున్న రోజుల నుంచి ఇప్పటిదాకా నడిపాపిటే. ఈ మధ్య ఆ పాపిట వెడల్పవుతున్నట్టు అనిపిస్తోంది. మీ వదినేమో పక్కపాపిట తీస్తే ముఖం సన్నగా కనిపిస్తుందని అంటోంది, తీసి చూస్తే గంట తిరగకముందే వెంట్రుకలన్నీ మళ్లీ నడిమిలోకే వచ్చి పడుతున్నాయి. పైగా రెండు నెలల్లో పెళ్లి, నడిపాపిట లేకపోతే పాపిట బిళ్ల ఎట్లా పెట్టుకోవాలని టెన్షన్. చివర్లో, నుదుటి మూలలు లోపలికి పోతున్న తమ్ముడికి ఏ పక్క పాపిట బాగుంటుందని కూడా అడిగావు. నేను నల్గొండలో పార్లర్ నడుపుతాను, మిర్యాలగూడ నుంచి మహబూబ్‌నగర్ దాకా పెళ్లికూతుళ్లను తయారు చేస్తుంటాను, చాలా ఏళ్లుగా నా చేతిలో పని ఇదే. కాబట్టి తెలిసిందంతా చెప్తాను, కొంచెం ఓపికగా చదువు.

ముందు సూటిగా జవాబు. మీ వదిన చెప్పింది సగం నిజం. గుండ్రటి ముఖానికి పాపిట కాస్త పక్కకు ఉంటే నప్పుతుంది, కానీ నువ్వు తీసి చూసినట్టు చెవి పైదాకా జరిపిన పాపిట నీకు అక్కర్లేదు. నడిమి నుంచి ఒక వేలి వెడల్పు, మహా అయితే వేలున్నర జరిపితే చాలు, అది కూడా తిన్నగా వెనక్కి కాకుండా ఏటవాలుగా వెళ్లాలి. పెళ్లి రోజు మాత్రం నుదుటి దగ్గర నడిపాపిటే ఉంచు. ఇక పాపిట వెడల్పవడం అనేది అందం గురించి మాత్రమే కాదు, దాని గురించి విడిగా చెప్తాను, దయచేసి ఆ భాగం వదిలేయకు.

ఫోన్లో చూసే బొమ్మల్లో గుండ్రటి ముఖానికి ఇది, కోల ముఖానికి అది అని రాసి ఉంటుంది కదా, అవి తప్పని అనను. అయితే వాటిలో మన నెత్తి మీద వెంట్రుకలు ఎటు మొలిచాయో ఉండదు. పాపిట నిలబడేదీ నిలబడనిదీ తేల్చేది ఆ మొలక దిశే. ప్రతి వెంట్రుక చర్మంలోంచి ఒక వాలుతో బయటికి వస్తుంది, ఆ వాలు పుట్టుకతో వచ్చినది, ఎంత దువ్వినా వేరు దగ్గర అది మారదు. నడినెత్తి వెనకాల సుడి ఉంటుంది, జుట్టంతా అక్కడి నుంచి తిరుగుతూ ముందుకు వస్తుంది. ఎక్కువ మందికి ఈ సుడి గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది, అట్లాంటి వాళ్లకు ముందు జుట్టు ఎడమ నుంచి కుడికి వాలుతుంది. అందుకే చాలా మందికి ఎడమ పక్క పాపిట తీస్తే చెయ్యి పెట్టకుండానే కూర్చుంటుంది, కుడి పక్క తీస్తే గంటలో లేచి నిలబడుతుంది. సుడి దానికి ఎదురు వైపు తిరిగిన వాళ్లకు ఇది తారుమారవుతుంది. కొందరికి రెండు సుళ్లు కూడా ఉంటాయి, రెండు సుళ్లుంటే రెండు పెళ్లిళ్లని పెద్దవాళ్లు అంటుంటారు, ఆ మాట మనసులో పెట్టుకోకు, పాపిట విషయంలో మాత్రం రెండు సుళ్లున్న వాళ్లు నడినెత్తి వెనకాల జుట్టు చీలకుండా చూసుకోవాలి, అంతే.

నీది ఎటో తెలుసుకోవడానికి ఒక పని చెయ్యి. తలస్నానం చేశాక టవల్‌తో అద్దుకుని, నూనె, సీరం ఏవీ పెట్టకుండా జుట్టంతా పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో వెనక్కి దువ్వు. తర్వాత అరచెయ్యి నడినెత్తిన ఆనించి, మెల్లగా నుదుటి వైపు నెట్టు. ఎక్కడో ఒకచోట జుట్టు దానంతట అదే చీలుతుంది. మామూలుగా అదే ఆ మనిషి సొంత పాపిట. అయితే నీకు చిన్నప్పటి నుంచీ ఒకే చోట దువ్విన అలవాటు కాబట్టి మొదటిసారి నడిమిలోనే చీలొచ్చు, దాన్ని చూసి ఇదే నా పాపిట అనుకోకు. మీ వదినతో వెనకాల నుంచి సుడికి ఒక ఫొటో తీయించు, సుడి నడిమికి ఎడమకు ఉందా, కుడికి ఉందా, ఎటు తిరుగుతోంది అని చూడు. నుదుటి అంచున ఎక్కడైనా నాలుగు వెంట్రుకలు పైకి లేచి మొండికేస్తున్నాయా అన్నది కూడా చూడు, అక్కడ మాత్రం పాపిట మొదలుపెట్టకూడదు.

ఇప్పుడు ముఖం దగ్గరికి వద్దాం. ఎవరి ముఖమూ రెండు పక్కలా ఒకే తీరుగా ఉండదు. ఒక కనుబొమ్మ కొంచెం ఎత్తు, ఒక చెంప కొంచెం నిండు, ముక్కు దూలం వెంట్రుకవాసి ఒక పక్కకు, ఇవి అందరికీ ఉంటాయి. నడిపాపిట ఉన్నప్పుడు చూసేవాళ్ల కన్ను ఆ గీత వెంబడి కిందికి దిగి, ముక్కు మీదుగా గడ్డం దాకా వస్తుంది, దాంతో రెండు పక్కలనూ తెలియకుండానే పోల్చి చూస్తుంది. అందుకే ముఖం చక్కగా సమంగా ఉన్నవాళ్లకు నడిపాపిట ఎంతో నిండుదనం ఇస్తుంది, ముక్కు కాస్త వంకర ఉన్నవాళ్లకు ఆ వంకరనే ఎత్తి చూపిస్తుంది. పాపిటను అర అంగుళం జరిపితే చాలు, ఆ పోలిక తెగిపోతుంది. ఇది నా పార్లర్‌లో రోజూ చూసే విషయం, కుర్చీలో కూర్చున్న అమ్మాయికి కటింగ్ చెయ్యకుండా, ఏమీ పూయకుండా, పాపిట ఒక్కటి జరిపి అద్దం చూపిస్తే ఏం మారిందో చెప్పలేదు కానీ ముఖం తేటపడినట్టుందని అంటుంది.

ఒక జాగ్రత్త, అద్దంలో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి, మనం అద్దంలో చూసుకుని బాగుందనుకున్నది ఎదుటివాళ్లకు ఇంకో తీరుగా కనిపిస్తుంది. సెల్ఫీ కెమెరా కూడా చాలా ఫోన్లలో అద్దంలాగే చూపిస్తుంది. కాబట్టి వెనక కెమెరాతో ఎవరితోనైనా తీయించుకో, ఎడమ పాపిటతో ఒకటి, నడిపాపిటతో ఒకటి, కుడి పాపిటతో ఒకటి, అదే వెలుతురులో, అదే చోట నిలబడి. మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే నేను చెప్పాల్సిన పని కూడా ఉండదు.

నీలాంటి గుండ్రటి ముఖంలో చెంపల దగ్గర వెడల్పు, నుదుటి నుంచి గడ్డం దాకా ఉన్న పొడుగు దాదాపు సమానంగా ఉంటాయి. మనకు కావలసింది కాస్త నిలువు. నడినెత్తి దగ్గర కొద్దిగా ఎత్తు, చెంపల మీదికి ఒక పక్క జుట్టు వాలడం, ఈ రెండూ పక్కపాపిటతో సులువుగా వస్తాయి. నూనె రాసి, నెత్తికి అతికినట్టు దువ్వి, రెండు పక్కలా చెవుల వెనక్కి లాగేసిన నడిపాపిట మాత్రం గుండ్రటి ముఖాన్ని ఇంకా గుండ్రంగా చూపిస్తుంది. అంటే తప్పు నడిపాపిటది కూడా కాదు, అతికినట్టు దువ్వడానిది. నడిపాపిటే ఉంచి, ముందు వైపు చెంప ఎముక కిందికి వచ్చేలా రెండు పాయలు వదిలేస్తే అదే గుండ్రటి ముఖం సన్నగా కనిపిస్తుంది. వెడల్పు నుదురుకు కూడా ఇదే పనికొస్తుంది, కనుబొమ్మ చివరి నుంచి కణత మీదుగా జుట్టు కొంచెం వాలితే నుదుటి మూలలు కప్పుకుపోతాయి.

మిగతా ముఖాల గురించి కూడా ఎవరికైనా పనికొస్తుందని క్లుప్తంగా రాస్తున్నాను. పొడుగు వెడల్పుకు సుమారు ఒకటిన్నర రెట్లుంటే కోల ముఖం, వాళ్లకు ఏ పాపిటైనా ఇబ్బంది లేదు. ఇంకా పొడుగున్న ముఖానికి నడినెత్తిన పఫ్ పెట్టి ఎత్తు చెయ్యొద్దు, పక్కపాపిట తీసి చెవుల దగ్గర జుట్టు నిండుగా ఉంచాలి, నడిపాపిట తీసి జుట్టు తిన్నగా వదిలేస్తే ముఖం మరింత సాగినట్టుంటుంది. దవడలు వెడల్పుగా, మూలలు తేలి ఉన్నవాళ్లకు స్కేలు పెట్టి గీసినట్టున్న పాపిట కన్నా మెత్తగా, కొంచెం చెదిరినట్టున్న పక్కపాపిట మంచిది, జుట్టు చివర్లు దవడ దగ్గర లోపలికి తిరిగితే ఇంకా మంచిది. నుదురు వెడల్పు, గడ్డం సన్నం ఉన్నవాళ్లకు పాపిట పక్కకు జరిపి నుదుటి వెడల్పును రెండు చిన్న పెద్ద భాగాలుగా విడగొట్టాలి, నీ నుదురుకు నేను చెప్పేది కూడా అదే.

ఇక పాపిట తీసే తీరు. దీనికి దువ్వెన పళ్లు వాడొద్దు, సన్నటి తోక ఉన్న దువ్వెన ఏ ఫ్యాన్సీ స్టోర్‌లోనైనా దొరుకుతుంది, టెయిల్ కోంబ్ అంటే ఇస్తారు. అద్దం కంటి ఎత్తులో ఉండాలి, తల వంచకుండా తిన్నగా కూర్చోవాలి, తల వంచి తీసిన పాపిట తల ఎత్తగానే వంకరపోతుంది. జుట్టు పూర్తిగా తడిగానూ ఉండకూడదు, పూర్తిగా ఆరిపోయీ ఉండకూడదు, ముప్పావు వంతు ఆరినప్పుడు తియ్యి. తోక చివరను నుదుటి అంచున, నీ కనుబొమ్మ వంపు ఎక్కడ అన్నిటికన్నా ఎత్తుగా ఉందో దానికి కొంచెం లోపలగా, అంటే ముక్కు వైపుగా ఆనించు. అక్కడి నుంచి చర్మానికి తగులుతూనే, చెయ్యి ఎత్తకుండా, ఒకే లాగుడులో వెనక్కి తీసుకెళ్లాలి. మధ్యలో ఎత్తితే గీత తెగుతుంది, మళ్లీ కలిపేటప్పుడు పక్క వెంట్రుకలు దాటి వచ్చేస్తాయి. తీసుకెళ్లేది తిన్నగా వీపు వైపు కాదు, సుడి ఉన్న చోటి వైపు ఏటవాలుగా. సుడి ఇంకా రెండు వేళ్ల దూరం ఉందనగా ఆపెయ్యాలి. చాలా మంది చేసే తప్పు ఇక్కడే, పాపిటను సుడి దాకా లాగేస్తారు, అప్పుడు వెనకాల నెత్తి చీలిపోయి చర్మం కనిపిస్తుంది, జుట్టు పలచన కాకపోయినా పలచగా అనిపిస్తుంది. ఆపిన చోట నుంచి వెనక జుట్టును రెండు వేళ్లతో ఊరికే కదిపి కలిపేస్తే గీత ఎక్కడ అయిపోయిందో తెలియదు.

గీత తీశాక ఎక్కువ జుట్టున్న పక్కను వెంటనే చెవి వెనక్కి దువ్వెయ్యకు. దాన్ని ముందు వేర్ల దగ్గర పట్టుకొని తక్కువ జుట్టున్న పక్కకు వెయ్యి, ఓ నిమిషం ఉంచి అప్పుడు దాని పక్కకు తిప్పు. వేర్ల దగ్గర చిన్న ఎత్తు వస్తుంది, నీకు కావలసింది అదే, పఫ్ పెట్టాల్సిన పనే లేదు.

గంటలోనే నడిమికి వచ్చేస్తోందన్నావు. రావడం సహజమే. తడి తగిలినప్పుడు వెంట్రుక లోపలి హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి, ఆరేటప్పుడు మళ్లీ ఏర్పడతాయి, ఆరే సమయంలో వెంట్రుక ఏ వంపులో ఉందో ఆ వంపే మళ్లీ తడి తగిలేదాకా నిలుస్తుంది. నువ్వు బహుశా నడిపాపిటతో ఆరనిచ్చి, బయటికి వెళ్లేముందు పొడి జుట్టు మీద పక్కపాపిట తీస్తున్నావు, అట్లా తీస్తే ఎవరికీ నిలవదు. కాబట్టి తలస్నానం అయిన వెంటనే కొత్త చోట తీసి, పాపిటకు రెండు పక్కలా ఒక్కో క్లిప్పు పడుకోబెట్టినట్టు పెట్టి, అట్లాగే ఆరనివ్వాలి. డ్రయర్ ఉంటే వేర్ల దగ్గర ముందు ఇటు నుంచి అటు, తర్వాత అటు నుంచి ఇటు గాలి కొట్టి, చివరికి కావలసిన వైపు వదిలెయ్యి, చల్లారేదాకా క్లిప్పు తియ్యొద్దు, వేడి మీద తీస్తే పడిన శ్రమంతా పోతుంది. డ్రయర్ లేకుంటే ఫ్యాన్ కింద కూర్చున్నా సరిపోతుంది, టైమ్ ఎక్కువ పడుతుంది అంతే. తలస్నానం లేని రోజు స్ప్రే సీసాలో నీళ్లు పోసుకుని పాపిట దగ్గరి వేర్లు మాత్రం తడిపి ఇదే పని చెయ్యి. రాత్రి పడుకునేటప్పుడు కూడా జుట్టు కొత్త వైపే ఉండాలి, లేకుంటే పొద్దున్నే లేచేసరికి మళ్లీ పాత చోటికే వస్తుంది. ఇట్లా రెండు మూడు వారాలు విడవకుండా చేస్తే జుట్టు మాట వింటుంది. నీకు రెండు నెలలుంది కాబట్టి సమయం సరిపోతుంది. ఒకేసారి వేలున్నర జరపకుండా మొదటి వారం అర వేలు, తర్వాత ఇంకో అర వేలు అన్నట్టు జరుపు, నెత్తి నొప్పి కూడా తెలియదు. కొత్త వైపు తిప్పినప్పుడు వేర్ల దగ్గర కొంచెం నొప్పిగా అనిపిస్తుంది కదా, చాలా మంది భయపడి మానేసేది అందుకే, అది పోతుంది.

మన నీళ్ల సంగతి కూడా చెప్పాలి. నల్గొండ జిల్లా బోరు నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, జుట్టు ఊడితే దాని మీదే వేస్తారు. జుట్టు బిరుసెక్కి దువ్వెనకు లొంగకపోవడానికి అసలు కారణం నీళ్ల కాఠిన్యం, అంటే అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. సబ్బు ఆ నీళ్లలో సరిగా నురగ రాదు, తెల్లటి జిడ్డులా తేలి వెంట్రుకకే అంటుకుంటుంది, అప్పుడు పాపిట ఎంత శుభ్రంగా తీసినా అంచుల్లో వెంట్రుకలు లేచి నిలబడతాయి. ఇంట్లో మిషన్ భగీరథ నల్లా ఉంటే ఆఖరి రెండు చెంబులైనా ఆ నీళ్లే పోసుకో. తలకు సబ్బు వద్దు, షాంపూ గానీ కుంకుడుకాయ గానీ వాడు, షాంపూ తర్వాత కండిషనర్ చివర్లకే రాయి, పాపిట దగ్గర రాస్తే జుట్టు నెత్తికి అతుక్కుపోతుంది. నూనె మానెయ్యమని నేను చెప్పను, స్నానానికి ముందు రాసి కడిగెయ్యి, స్నానం తర్వాత రాసి పక్కపాపిట నిలవాలంటే మాత్రం నిలవదు.

ఇప్పుడు పాపిట వెడల్పవుతున్న విషయం. ఇందులో మూడు వేరు వేరు సంగతులుంటాయి. ఒకటి, ఏళ్ల తరబడి ఒకే చోట తీసి, అక్కడి నుంచే జడ గట్టిగా బిగించి లాగడం. గట్టి జడలు, పైకి లాగి కట్టిన పోనీటెయిల్, బరువైన సవరం, వీటితో నుదుటి అంచున, కణతల దగ్గర, పాపిట వెంబడి వేర్లు బలహీనపడి ఊడతాయి. తొందరగా గమనించి వదులు చేస్తే జుట్టు తిరిగి వస్తుంది, ఏళ్లపాటు అట్లాగే లాగితే ఆ చోట మళ్లీ రాదు. జడ వేశాక కనుబొమ్మలు పైకి లాగినట్టు అనిపించినా, నుదుటి అంచున చిన్న చిన్న పొక్కుల్లా లేచినా జడ మరీ బిగుతని అర్థం. రెండోది, పాపిట నుదుటి దగ్గర వెడల్పుగా ఉండి వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంటే అది ఆడవాళ్లలో హార్మోన్ల వల్ల, వంశం వల్ల వచ్చే పలచదనం కావచ్చు, అమ్మకో పెద్దమ్మకో అట్లా ఉందేమో చూడు. మూడోది, డెంగీ, టైఫాయిడ్ లాంటి గట్టి జ్వరాలొచ్చిన రెండు మూడు నెలలకు, కాన్పయిన కొన్ని నెలలకు, రక్తం తక్కువైనప్పుడు, థైరాయిడ్ తేడా చేసినప్పుడు నెత్తంతటా జుట్టు ఒక్కసారిగా ఎక్కువగా ఊడొచ్చు. రోజుకు 50 నుంచి 100 దాకా ఊడటం మామూలే, దానికి భయపడకు.

నువ్వు చెయ్యాల్సింది ఇదీ. ఒకే కిటికీ దగ్గర, ఒకే టైముకు, పొడి జుట్టుతో పాపిటకు పైనుంచి నెలకో ఫొటో తీయించుకో. కంటికి అనిపించడం వేరు, ఫొటోలో కనిపించడం వేరు. నిజంగా వెడల్పవుతుంటే పార్లర్‌లో స్పా, కెరటిన్ చేయించుకుని డబ్బు పోసేముందు చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లు, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు వాళ్లు చెప్పినట్టు చేయించుకో. నేను పార్లర్ నడుపుతూ ఈ మాట చెప్తున్నానని అనుకోకు, స్పాతో వెంట్రుక మెరుస్తుంది, వేరుకు బలం రాదు. ఈలోగా పాపిట జరపడం నీకు రెండు రకాలుగా మేలు, ఆ గీత మీద ఉన్న లాగుడు తగ్గుతుంది, ఎండ కూడా ఎప్పుడూ ఒకే చోట పడదు. మనది మే నెలలో 45 డిగ్రీల దాకా పోయే ఊరు, స్కూటీ మీద తిరిగితే పాపిట చర్మం ముఖం కన్నా ముందు మాడుతుంది, చున్నీ నెత్తి మీదుగా కప్పుకో. వెడల్పు బయటికి తెలియకుండా ఉండాలంటే గీతను తిన్నగా తియ్యకుండా దువ్వెన తోకతో చిన్న చిన్న వంకర్లుగా తియ్యి, చర్మం గీతలా కనపడదు. పాపిట దగ్గర తెల్ల వెంట్రుకలు కనిపించేవాళ్లకు కూడా ఇదే ఉపాయం.

పెళ్లయ్యాక పాపిటలో కుంకుమ పెడతావు కాబట్టి ఒక్క మాట. పసుపు, సున్నం కలిపి చేసిన కుంకుమతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. బజారులో మరీ మెరిసే ఎరుపుతో వచ్చే వాటిలో కృత్రిమ రంగులుంటాయి, కొన్ని సింధూరాల్లో సీసం కూడా ఉంటుంది. పాపిట మొదట్లో దురద, పొట్టు, నల్లబారడం కనిపిస్తే ఆ డబ్బా పక్కన పెట్టెయ్యి. పెళ్లికి జుట్టుకు రంగు వేయించుకోవాలనుకుంటే 48 గంటల ముందు చెవి వెనకాల కొంచెం రాసి చూసుకున్నాకే, చాలా రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి అస్సలు పడదు, పెళ్లి ముందు నుదురు వాచిపోతే ఏ మేకప్పూ కప్పలేదు.

పెళ్లి రోజు సంగతి. పాపిట బిళ్లకు నీకు కావలసింది నుదుటి అంచు నుంచి రెండు అంగుళాల నడిపాపిట, అంతే. ఆ రెండు అంగుళాల తర్వాత జుట్టును నువ్వు అలవాటు చేసుకున్న వైపు ఏటవాలుగా తిప్పేయొచ్చు, ఫొటోల్లో బిళ్ల నడిమినే ఉంటుంది, ముఖానికి కావలసిన ఎత్తూ వస్తుంది. బిళ్ల బరువుగా ఉంటే కొక్కేన్ని ఊరికే ఒక పిన్నుకు తగిలించొద్దు, జారుతుంది. గొలుసు ఆగే చోట సన్నటి పాయ తీసి చిన్న జడలా అల్లి, దాంట్లోకి రెండు పిన్నులు అడ్డంగా గుచ్చి, వాటికి కొక్కెం తగిలించాలి. నీ నుదురు వెడల్పు కాబట్టి బిళ్ల జుట్టు అంచు దగ్గరే ఆగకుండా ఒక వేలు కిందికి దిగేలా గొలుసు వదలమను. బాసికం కూడా నుదుటికే కడతారు, దాని దారం కణతల మీదుగా వెనక్కి పోతుంది, కాబట్టి బిళ్లా బాసికమూ ఒకదాని మీద ఒకటి పడకుండా బిళ్లను ముందే కట్టి, బాసికం పట్టి చూసుకోండి. జీలకర్ర బెల్లం పెట్టేది నడినెత్తినే, అక్కడ పెద్ద పఫ్ పెట్టించుకుంటే అబ్బాయి చెయ్యి పెట్టి అదమగానే కుంగిపోతుంది, తర్వాత తలంబ్రాల ఫొటోలన్నీ ఆ కుంగిన జుట్టుతోనే వస్తాయి. అందుకే నేను పెళ్లికూతుళ్లకు ఎత్తును నడినెత్తిన కాకుండా దానికి ముందు, పాపిట దగ్గరే కొద్దిగా ఇస్తాను. మైలపోలు తీసేటప్పుడు నెత్తికి నూనె పెడతారు కదా, తలంటు పోసేటప్పుడు వేర్ల దాకా షాంపూతో రెండుసార్లు రుద్ది కడిగించుకో, జిడ్డు మిగిలితే పిన్నులు ఒక్కటీ ఆగవు. పెళ్లికి వారం ముందు కొత్త కటింగ్‌లు, స్ట్రెయిటెనింగ్‌లు పెట్టుకోకు, చేయించుకునేదుంటే నెల ముందే. ట్రయల్ రోజున నీ అసలు బిళ్లనే తీసుకెళ్లు, పార్లర్‌లో ఉన్న ఉత్తుత్తి బిళ్లతో చూస్తే బరువు తెలియదు. బిళ్ల అస్సలు వద్దు, పక్కపాపిటే కావాలంటే మహబూబ్‌నగర్‌లో ముస్లిం పెళ్లికూతుళ్లకు మేం పెట్టే ఝూమర్ ఉంది, అది పక్కకు పెట్టే నగే, రిసెప్షన్ రోజుకు బాగుంటుంది.

తమ్ముడికి చెప్పు, సుడి గడియారం వైపు తిరుగుతుంటే ఎడమ పాపిట, ఎదురు వైపు తిరుగుతుంటే కుడి పాపిట, కటింగ్ షాపులో కూర్చోగానే సుడి ఎటుందో చూసి తియ్యమని అడగమను. నుదుటి మూలలు లోపలికి పోతున్నాయన్నావు కదా, పాపిటను ఆ మూల లోంచి మొదలుపెట్టకూడదు, మూల ఇంకా లోతుగా కనిపిస్తుంది, ఒక వేలు లోపలికి జరిపి మొదలుపెట్టాలి. పొడుగ్గా పెంచి ఆ మూల మీదికి దువ్వుకుంటే గాలికి లేచినప్పుడు మరింత తెలుస్తుంది, పక్కలు పొట్టిగా, పైన రెండు అంగుళాలు ఉంచితే శుభ్రంగా ఉంటుంది, ఉద్యోగం ఇంటర్వ్యూకు కూడా అదే నయం. మూలలు ఏడాదిలోనే బాగా వెనక్కి పోయినట్టుంటే మాత్రం చర్మం డాక్టరుకు ఇప్పుడే చూపించమను. ఉన్న వెంట్రుకలను నిలబెట్టుకోవడానికి మందులున్నాయి, పోయిన వాటిని మళ్లీ మొలిపించడమే కష్టం.